స్టెంట్ వేస్తుండగా గుండె రక్తనాళానికి చిల్లు పడితే ఏం చేస్తారు?

క్లుప్తంగా

యాంజియోప్లాస్టీ, అంటే గుండె రక్తనాళంలోని బ్లాక్‌ను చిన్న బెలూన్‌తో తెరిచి స్టెంట్ అనే జాలీ గొట్టం పెట్టే చికిత్స చేస్తుండగా ఆ రక్తనాళానికి చిల్లు పడడం దాదాపు వెయ్యి కేసుల్లో రెండు నుంచి ఆరింటిలో జరుగుతుంది. వాటిలో చాలావరకు ఛాతీ తెరిచే ఆపరేషన్ దాకా వెళ్లకుండానే క్యాత్ ల్యాబ్‌లో, అంటే స్టెంట్ వేసే గదిలోనే అదుపులోకి వస్తాయి. పెద్ద చిల్లు పడితే మాత్రం గుండె చుట్టూ రక్తం చేరి నిమిషాల్లో బీపీ పడిపోతుంది. అప్పుడు పేషెంట్ బయటపడడం చిల్లు సైజు ఒక్కదాని మీదే ఆధారపడదు. బెలూన్‌ను ఎంత త్వరగా మళ్లీ నింపారు, చుట్టూ చేరిన రక్తాన్ని ఎంత త్వరగా బయటికి తీశారు, కావలసిన సామాను ఆ గదిలోనే ఉందా అన్నవి కూడా అంతే ముఖ్యం.

సంతకం పెట్టే కాగితంలో ఒక లైను

పంజాగుట్ట నిమ్స్ అయినా, ఉస్మానియా, గాంధీ అయినా, హైటెక్ సిటీ వైపు కార్పొరేట్ ఆసుపత్రి అయినా క్యాత్ ల్యాబ్ బయట కనిపించే దృశ్యం ఒకటే. లోపలికి తీసుకెళ్లే ముందు కన్సెంట్ ఫారం వస్తుంది. పేషెంట్ సంతకం అయ్యాక కొడుకో, భార్యో, తమ్ముడో సంతకం పెడతారు. అందులోని రిస్కుల జాబితాలో రక్తనాళం చిరగడం, చిల్లు పడడం, అత్యవసరంగా ఆపరేషన్ అవసరం కావడం అన్న మాటలు ఉంటాయి. ఆ టెన్షన్‌లో వాటిని చదివేవాళ్లు తక్కువ. గంట తర్వాత డాక్టర్ బయటికొచ్చి "చిన్న లీక్ అయింది, కంట్రోల్ చేశాం, ఈ రాత్రికి ఐసీయూలో ఉంచుతాం" అన్నప్పుడు మాత్రం ఒక్కసారిగా ప్రశ్నలు మొదలవుతాయి. ఏది లీక్ అయింది? ఎందుకైంది? ఎవరి పొరపాటు? ఇప్పుడు ప్రమాదం లేనట్టేనా?

పరికరాలు మెరుగుపడినా లెక్క ఎందుకు తగ్గలేదు

1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె రక్తనాళంలో బెలూన్ నింపి బ్లాక్ తెరిచారు. రక్తనాళం గోడను లోపలి నుంచి నొక్కి వెడల్పు చేయడమే ఈ చికిత్స మూలసూత్రం. గోడ తట్టుకోగలిగిన దానికన్నా కాస్త ఎక్కువ నొక్కితే చిరుగుతుందన్న ప్రమాదం కూడా ఆనాటి నుంచే ఉంది.

1994లో అమెరికా వైద్యుడు స్టీఫెన్ ఎలిస్ బృందం 12,900 ప్రొసీజర్లను పరిశీలిస్తే 62 చోట్ల చిల్లు పడినట్టు తేలింది. అంటే సుమారు 0.5 శాతం. ముప్పై ఏళ్లు గడిచాయి. బెలూన్లు, స్టెంట్లు, వైర్లు అన్నీ మారిపోయాయి. అయినా ఈ శాతం ఇంచుమించు అక్కడే ఉంది. కారణం వైద్యం వెనకబడడం కాదు. అప్పట్లో నేరుగా బైపాస్‌కు పంపే కేసులను ఇప్పుడు స్టెంట్‌తో చేస్తున్నారు. ఎనభై దాటినవాళ్లు, రక్తనాళం నిండా కాల్షియం పేరుకున్న షుగర్ పేషెంట్లు, మూడు నెలలకు పైగా పూర్తిగా మూసుకుపోయిన బ్లాకులు ఇప్పుడు క్యాత్ ల్యాబ్‌కే వస్తున్నాయి. పూర్తిగా మూసుకుపోయిన పాత బ్లాకులను తెరిచేటప్పుడు చిల్లు పడే అవకాశం మామూలు కేసులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

చిల్లు ఎలా పడుతుంది

గుండె పైన పాకే ప్రధాన రక్తనాళాల లోపలి వెడల్పు సాధారణంగా రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు. బాల్ పెన్ను రీఫిల్ అంత అనుకోవచ్చు. అందులోకి వెళ్లే వైర్ మందం మిల్లీమీటరులో మూడో వంతు. ఆ వైర్ మీదుగా జారిన బెలూన్‌ను 12 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో, గట్టి బ్లాక్ అయితే 18, 20 దాకా నింపుతారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు అట్మాస్ఫియర్లకు కొంచెం పైన. పెన్ను రీఫిల్ అంత గొట్టంలో దానికి ఐదారు రెట్ల ఒత్తిడి అన్నమాట. బెలూన్‌లో నింపేది గాలి కాదు, సెలైన్ కలిపిన డై, అంటే ఎక్స్‌రేలో కనిపించే ద్రవం.

బెలూన్ సైజు రక్తనాళానికి సరిపోయినప్పుడు ఈ ఒత్తిడి బ్లాక్ మీద పడుతుంది. సైజు పెద్దదైతే గోడ మీద పడుతుంది. కాల్షియం ఉన్నచోట ఇంకో చిక్కుంది. కాల్షియం గోడ చుట్టూ సమానంగా పేరుకోదు. ఒకవైపు రాయిలా ఉంటే ఇంకోవైపు మెత్తగా ఉంటుంది. ఒక పక్క ఎండి గట్టిపడిన జొన్న రొట్టెను సాగదీస్తే చిరిగేది గట్టి పక్క కాదు, దాన్ని ఆనుకున్న మెత్తని పక్క. రక్తనాళం గోడా అంతే. బెలూన్ ఎంత నొక్కినా గట్టి వైపు కదలదు, సాగుడంతా మెత్తని వైపే భరించాలి, చివరికి అక్కడే చిరుగుతుంది. అందుకే ఇలాంటి బ్లాకుల్లో ముందు రోటాబ్లేషన్‌తో కాల్షియాన్ని అరగదీస్తారు. వజ్రపు రవ్వలు పొదిగిన చిన్న మొన నిమిషానికి సుమారు లక్షన్నర చుట్లు తిరుగుతూ ముందుకు పోతుంది. రక్తనాళం మెలికలు తిరిగిన చోట ఆ మొనే గోడను కోసే ప్రమాదం ఉంది. అంటే చిల్లు రాకుండా చూసే పరికరానికీ చిల్లు పెట్టే గుణం ఉంది.

ఎక్స్‌రే చిత్రంలో కనిపించేది రక్తనాళంలో పారే డై నీడ మాత్రమే, గోడ కాదు. గోడ మందం, కాల్షియం లోతు, అసలు వెడల్పు తెలియాలంటే రక్తనాళం లోపలికే కెమెరా లాంటి చిన్న పరికరం పంపి చూసే ఐవస్, ఓసీటీ పరీక్షలు కావాలి. వీటికి అదనంగా ఖర్చవుతుంది. మామూలు బ్లాక్‌లో వీటిని చేయాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. కాల్షియం గట్టిగా ఉన్నచోట, పొడవాటి బ్లాక్‌లో మాత్రం అది దండగ ఖర్చు కాదు.

వైర్ వల్ల పడే చిల్లు వేరే రకం. నీళ్లు తగిలితే జారుడుగా మారే పూత ఉన్న వైర్లు గట్టి బ్లాకుల్లోంచి దూరిపోతాయి, అందుకే వాటిని వాడతారు. ఆ జారుడు గుణం వల్లే వాటి కొన చేతికి తెలియకుండా ముందుకు పోయి, వెంట్రుకంత సన్నని చివరి కొమ్మను గుచ్చి బయటికి రాగలదు. చిల్లు చాలా చిన్నది. రక్తం బొట్లు బొట్లుగా కారుతుంది. పేషెంట్ వార్డుకు వెళ్లాక, కొన్ని గంటల తర్వాత బీపీ తగ్గడంతో బయటపడే కేసులు ఎక్కువగా ఇవే.

తెర మీద ఏం కనిపిస్తుంది

డై ఎక్కించగానే తెర మీద రక్తనాళం నల్లని కొమ్మలా వెలుస్తుంది, గుండె రెండు మూడు సార్లు కొట్టుకునేలోపు మాయమవుతుంది. చిల్లు ఉన్నచోట మాయం కాదు. కొమ్మ వెలిసిపోయాక కూడా దాని పక్కన, తడి గోడ మీద సిరా పాకినట్టు ఒక మరక నిలిచిపోతుంది. చిల్లు పెద్దదైతే మరక కాదు, పిచికారీ కొట్టినట్టు ధార కనిపిస్తుంది. అనుభవమున్న డాక్టర్ ఆ మొదటి చిత్రంలోనే పరిస్థితిని పోల్చుకుంటారు.

ఎలిస్ బృందం 1994లో చేసిన వర్గీకరణే ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి రకంలో గోడలో గుంట పడుతుంది తప్ప డై బయటికి రాదు. రెండో రకంలో గుండె కండరంలోకో, చుట్టూ ఉన్న పొరలోకో మరకలా ఇంకుతుంది. మూడో రకంలో ఒక మిల్లీమీటరు లేదా అంతకు మించిన చిల్లులోంచి ధారగా పోతుంది. ఆ ధార గుండె గదిలోకే పడితే అంత ప్రాణాపాయం ఉండదు, రక్తం శరీరం లోపలి దారిలోనే తిరుగుతుంది కాబట్టి. ఆనాటి లెక్కల్లో గుండె చుట్టూ రక్తం చేరి గుండె నొక్కుకుపోవడం మొదటి రకంలో 8 శాతం, రెండో రకంలో 13 శాతం ఉంటే, మూడో రకంలో 63 శాతం. డాక్టర్ "చిన్న లీక్" అన్నప్పుడు అది ఏ రకమో అడిగి తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది, లేదా ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది.

ఒక కప్పు చాయ్ అంత రక్తం చాలు

గుండె చుట్టూ పెరికార్డియం అనే గట్టి సంచి ఉంటుంది. మామూలుగా అందులో 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. కొన్ని జబ్బుల్లో నెలల తరబడి నెమ్మదిగా నీరు చేరితే ఈ సంచి సాగి లీటరు దాకా కూడా పట్టగలదు. ఒక్కసారిగా చేరితే మాత్రం 100 నుంచి 200 మిల్లీలీటర్లకే ప్రాణం మీదికి వస్తుంది. ఇరానీ హోటల్లో ఇచ్చే ఒకటి రెండు కప్పుల చాయ్ అంత. కొత్త తోలు చెప్పు వేసుకోగా వేసుకోగా సాగుతుంది గానీ, ఒక్కరోజులో లాగితే సాగదు. ఈ సంచిదీ అదే తీరు.

సంచి సాగనప్పుడు చేరిన రక్తం గుండెనే నొక్కుతుంది. ముందు నొక్కుకుపోయేవి పలచని గోడలున్న కుడివైపు గదులు. ఒంట్లోంచి తిరిగొచ్చే రక్తానికి లోపలికి దారి ఉండదు. లోపలికి రానిది బయటికి పంపడం గుండెకు సాధ్యం కాదు. బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, స్టెత్‌లో గుండె చప్పుడు మందగిస్తుంది. అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ 1935లో చెప్పిన మూడు గుర్తులు ఇవే. క్యాత్ ల్యాబ్‌లో మూడూ కనిపించేదాకా ఆగరు. ఛాతీ మీద ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) పెట్టి చూస్తే క్షణాల్లో తెలిసిపోతుంది.

చిల్లు పెట్టిన బెలూనే మొదటి అడ్డు

చిల్లు పడిందని తెలిసిన క్షణంలో చేయకూడని పని ఒకటుంది: కంగారులో వైర్‌ను బయటికి లాగేయడం. వైర్ లోపల ఉన్నంతసేపే చిల్లు దాకా మళ్లీ వెళ్లే దారి ఉంటుంది.

చేయవలసిన మొదటి పని ఆ బెలూన్‌నే చిల్లు దగ్గర లేదా దానికి కాస్త ముందు పెట్టి తిరిగి నింపడం. ఈసారి తక్కువ ఒత్తిడితో, రక్తం అటు పోకుండా ఆపేంత మాత్రమే. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. చిన్న చిల్లులు కొన్ని దీంతోనే మూసుకుంటాయి. పెద్ద చిల్లులో ఇది చికిత్స కాదు, మిగతా పనులకు దొరికిన సమయం. ఆ సమయానికీ ఒక ధర ఉంది. బెలూన్ నిండి ఉన్నంతసేపు దాని కిందివైపు గుండె కండరానికి రక్తం అందదు. పేషెంట్ "ఛాతీలో బరువుగా ఉంది" అంటాడు, ఈసీజీలో గీతలు మారతాయి. దించితే రక్తం కారుతుంది, దించకపోతే కండరం దెబ్బతింటుంది. ఈ రెండింటి మధ్య నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నడవడమే ఇక్కడి నైపుణ్యం. బీపీ నిలబడి ఉంటే కాసేపు దించి, మళ్లీ నింపి నెట్టుకొస్తారు.

బెలూన్ నిండి ఉండగానే మరోవైపు పని మొదలవ్వాలి. సెలైన్ వేగంగా ఎక్కిస్తారు, బీపీ పెంచే మందులు ఇస్తారు, రక్తం తెప్పిస్తారు, కార్డియాక్ సర్జన్‌కు కబురు పెడతారు. బీపీ పడిపోతుంటే రొమ్ము ఎముక కింది కొన పక్కనుంచి, ఎకోలో చూసుకుంటూ సూదిని గుండె సంచిలోకి పంపి, దాని మీదుగా సన్నని గొట్టం పెడతారు. సిరంజితో మొదటి 50 మిల్లీలీటర్లు లాగగానే మానిటర్‌లో బీపీ గీత పైకి లేవడం చాలామందిలో కనిపిస్తుంది. రక్తం ఆగకుండా వస్తుంటే అలా లాగిన రక్తాన్నే తొడ దగ్గరి సిరలోకి తిరిగి ఎక్కిస్తారు. బ్లడ్ బ్యాంక్ నుంచి సంచి వచ్చేలోపు పేషెంట్‌ను నిలబెట్టేది ఒక్కోసారి అతని రక్తమే.

మామూలు స్టెంట్ ఎందుకు పనికిరాదు

స్టెంట్ అంటే జాలీ. దాని కన్నాల్లోంచి రక్తం యథాప్రకారం కారుతుంది. చిల్లు మూయాలంటే జాలీకి గుడ్డ కప్పినట్టు పాలిమర్ పొర ఉండే కవర్డ్ స్టెంట్ కావాలి. పాతరకంలో రెండు స్టెంట్ల మధ్య పీటీఎఫ్‌ఈ అనే పాలిమర్ పొరను ఇరికించేవారు. అది లావుగా, బిరుసుగా ఉండి మెలికల్లోంచి పోవడం కష్టం. కొత్తరకంలో ఒకే స్టెంట్ మీద సన్నని పాలీయురేథేన్ పొర ఉంటుంది, కాబట్టి సులభంగా వంగుతుంది. అమెరికాలో పాతరకానికి 2001లో, కొత్తరకానికి 2018లో అనుమతి వచ్చింది. రెండూ అరుదైన పరిస్థితుల పరికరాలకు ఇచ్చే ప్రత్యేక పద్ధతిలోనే వచ్చాయి. చిల్లు పడినవాళ్లను రెండు గుంపులుగా విడదీసి ఒకరికి ఇది, ఇంకొకరికి అది అని పరీక్ష పెట్టడం కుదరదు కదా. ఈ రంగంలో ఉన్న జ్ఞానమంతా ఎదురైన కేసులను నిజాయతీగా రాసిపెట్టడం వల్ల వచ్చిందే.

కవర్డ్ స్టెంట్ తేవడానికి బెలూన్ తీయాలి, బెలూన్ తీస్తే రక్తం కారుతుంది. దీనికి పరిష్కారంగా రెండో క్యాథెటర్‌ను (సామాను లోపలికి పంపే సన్నని గొట్టాన్ని) ఇంకో చేతి నుంచో, కాలి నుంచో తెస్తారు. మొదటి దారిలో బెలూన్ అడ్డుగా ఉండగా రెండో దారిలో కవర్డ్ స్టెంట్‌ను చిల్లు దగ్గరికి తెచ్చి, ఒక్క క్షణం బెలూన్ దించి స్టెంట్ ముందుకు జరిపి తెరుస్తారు. బంతి అటూ ఇటూ మారినట్టు ఉంటుందని దీనికి పింగ్‌పాంగ్ పద్ధతి అని పేరు.

దీనికీ లోపాలున్నాయి. పొర ఉన్నంత మేర పక్క కొమ్మలు మూసుకుపోతాయి. తర్వాతి నెలల్లో మళ్లీ ఇరుకయ్యే అవకాశం, గడ్డ కట్టే అవకాశం మామూలు స్టెంట్ కన్నా ఎక్కువ.

చివరి కొమ్మలో చిల్లుకు కొవ్వు ముక్క

వైర్ గుచ్చిన చివరి కొమ్మ అంత సన్నని చోటికి స్టెంట్ పోదు. అక్కడ ఆ కొమ్మనే మూసేస్తారు. దానికి లోహపు కాయిల్స్ ఉన్నాయి. అవి అందుబాటులో లేనప్పుడు, కొన్నిచోట్ల ముందుగానే, వాడేది పేషెంట్ ఒంట్లోని కొవ్వు. పొట్ట దగ్గరో, తొడ దగ్గరో మత్తు సూదిచ్చి చిన్న గాటు పెట్టి, చర్మం కింది పసుపు కొవ్వులోంచి ఆవగింజంత ముక్క తీస్తారు. తెర మీద కనిపించేలా దాన్ని డైలో తడిపి, సన్నని మైక్రోక్యాథెటర్‌లో పెట్టి సెలైన్‌తో నెడతారు. అది కొమ్మలో ఇరుక్కుని దారి మూసేస్తుంది. ఖర్చు లేదు, ఎక్కడైనా దొరుకుతుంది, శరీరం తిప్పికొట్టదు. ఆ కొమ్మ అందించే కొద్దిపాటి కండరం దెబ్బతింటుంది, కానీ మొత్తం గుండెను కాపాడుకోవడానికి అది ఒప్పుకోదగ్గ నష్టమే.

హెపారిన్ చిక్కు

యాంజియోప్లాస్టీ మొదలుపెట్టే ముందే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. చిల్లు పడ్డాక అదే శత్రువవుతుంది. విరుగుడుగా ప్రొటమిన్ ఉంది. ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కు ఒక మిల్లీగ్రాము లెక్క. కానీ వైర్, బెలూన్, కొత్త స్టెంట్ ఇంకా రక్తనాళంలో ఉండగా విరుగుడు ఇస్తే వాటి మీదే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. అందుకే చాలామంది నిపుణులు సామాను బయటికి తీశాకే ఇస్తారు, రక్తం అదుపు తప్పితే తప్ప.

ఇంటివాళ్లను తికమక పెట్టేది తర్వాతి రోజు. అంత రక్తం కారిన మనిషికి ఆస్ప్రిన్, దాంతోపాటు ఇంకో రక్తం పలచబరిచే మాత్ర ఎందుకని అడుగుతారు, కొందరు ఇంటికెళ్లాక సొంతంగా ఆపేస్తారు. స్టెంట్ పడ్డాక, ముఖ్యంగా కవర్డ్ స్టెంట్ పడ్డాక, ఆ మాత్రలు ఆపడం చాలా ప్రమాదకరం. ఆపాలా, మార్చాలా అన్నది కార్డియాలజిస్ట్ మాత్రమే చెప్పాలి.

బైపాస్ అయినవారి సంగతి

ఇదివరకు బైపాస్ అయినవారిలో గుండె సంచి చుట్టుపక్కల అతుక్కుపోయి ఉంటుంది, కాబట్టి రక్తం చేరదన్న నమ్మకం ఒకప్పుడు ఉండేది. నిజానికి రక్తం ఏదో ఒక మూల చిక్కుకుని ఒక్క గదినే నొక్కగలదు. మామూలు ఎకోలో అది సరిగా కనిపించకపోవచ్చు, సూది అందకపోవచ్చు. వీరిలో సీటీ స్కాన్, ఒక్కోసారి ఆపరేషన్ అవసరమవుతాయి.

ఊరికి బయలుదేరే ముందు

చిల్లు మూసుకుందని తేలాక కూడా ఆ రాత్రి ఐసీయూలోనే ఉంచి, ఎకో మళ్లీ మళ్లీ చేస్తారు. గుండె సంచిలో పెట్టిన గొట్టాన్ని రక్తం రావడం ఆగిందని తేలేదాకా ఉంచుతారు. హైదరాబాద్‌కు వచ్చే గుండె పేషెంట్లలో వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎందరో. చేతి నాళం ద్వారా చేశాక త్వరగా లేచి తిరగగలుగుతున్నారు కాబట్టి, రేపే వెళ్లిపోదామన్న తొందర ఇంటివాళ్లలో ఉంటుంది. లీక్ అయిన పేషెంట్ విషయంలో ఆ తొందర పనికిరాదు. డిశ్చార్జి రోజు ఎకో రిపోర్టు చూపించి వివరించమని అడగాలి. దారిలోగానీ, ఇంట్లోగానీ ఆయాసం, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, ఛాతీలో బిగువు కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇది నిర్లక్ష్యమా?

చిల్లు పడడమొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది: ఫలితం బాగాలేనంత మాత్రాన, డాక్టర్ అంచనాలో పొరపాటు జరిగినంత మాత్రాన అది నిర్లక్ష్యం అయిపోదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో అదే కోర్టు, చికిత్స స్వభావం, అందులోని ముఖ్యమైన రిస్కులు, ప్రత్యామ్నాయాలు పేషెంట్‌కు అర్థమయ్యేలా చెప్పాకే అనుమతి తీసుకోవాలంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న చిల్లు ఎందుకు పడిందన్నది ఒక్కటే కాదు. పడిందని ఎప్పుడు గుర్తించారు, గుర్తించాక వరుసగా ఏం చేశారు, ఎకో ఎప్పుడు చేశారు, సర్జన్‌కు ఎప్పుడు చెప్పారు? ఇవన్నీ ప్రొసీజర్ నోట్స్‌లో ఉండాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. యాంజియో వీడియో ఉన్న సీడీ కూడా అడిగి తీసుకోవడం మంచిది. ముందుముందు వేరే డాక్టర్‌కు చూపించాల్సి వచ్చినా అది పనికొస్తుంది.

చేసే ముందు అడగాల్సినవీ ఉన్నాయి. బ్లాక్‌లో కాల్షియం ఎంత ఉంది, ఐవస్ లేదా ఓసీటీ చేస్తారా, మందులతోనో బైపాస్‌తోనో పోల్చితే ఇదే ఎందుకు మేలు, కవర్డ్ స్టెంట్ ఇదే ల్యాబ్‌లో ఉందా లేక తెప్పించాలా, కార్డియాక్ సర్జన్ ఇదే ఆసుపత్రిలో ఉంటారా అని. గుండెపోటుతో అర్ధరాత్రి వచ్చినప్పుడు వీటికి టైం ఉండదు, అక్కడ ఆలస్యమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ముందుగా డేట్ ఇచ్చి చేసే యాంజియోప్లాస్టీకి మాత్రం, ముందురోజు సాయంత్రం డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఐదు నిమిషాలు చాలు.